కాలు ఆడినంతసేపూ

బుల్లిరాజుగారి ఎడమ ముంజేతి మీద వానపాము పాకినట్టు బెత్తెడు పొడుగు మచ్చ ఒకటుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొసలి పట్టుకుంటే దాని నోట్లోంచి చెయ్యి లాక్కున్నప్పుడు పడిందని కొందరికి చెప్పారు. మన్యంలో చిరుతపులికి మీసాలు కత్తిరిస్తుంటే అది గీరిందని ఇంకొందరికి చెప్పారు. పిడుగు పడుతుంటే చెయ్యడ్డం పెట్టానని ఒకసారి పెళ్ళివారికి చెప్పారు. అడిగినవాడి మొహాన్నిబట్టి కథ మారేది. మచ్చ మాత్రం మారలేదు. పాపం దానికి ఒక్క కథే తెలుసు.

పుష్కరాలు వెళ్ళిన మరుసటేడు వేసవి సెలవుల్లో ఆ ఊరి పిల్లలకి కార్డుల పిచ్చి పట్టింది. ఊరు రావులపాలేనికి నాలుగు మైళ్ళు. కాలవగట్టు మీద వీరాస్వామి సోడాకొట్టు. అక్కడ రూపాయిచ్చి బబుల్‌గమ్ కొంటే లోపల పక్షిబొమ్మ కార్డు ఒకటి వచ్చేది. ఆ గమ్ము రెండు నిమిషాలు తియ్యగా ఉండి, మూడో నిమిషానికి సైకిలు ట్యూబయిపోయేది. దాన్నెవరు పట్టించుకున్నారు, కార్డు కోసమే కొనడం. ప్రతి పక్షికీ బలం ఇంత అని ఒక అంకె, అడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో దాని మహిమ. ఇద్దరు చెరో కార్డూ వేస్తారు. బలమున్న పక్షి రెండోదాన్ని చంపుతుంది. చచ్చిన పక్షి గెలిచినవాడి జేబులోకి పోతుంది.

అంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా మహిమల దగ్గరే. ఒకదాని మహిమ ఇంకోదాని మహిమకి అడ్డం పడితే ఏది ముందు పనిచెయ్యాలో, ఏది ఆగాలో గమ్ము కంపెనీవాడు రాయలేదు. వాడికేం, గమ్ము అమ్ముకుని హాయిగా ఉన్నాడు. ఇక్కడ కాలవగట్టు మీద పిల్లలు చొక్కాలు చింపుకుంటున్నారు.

ఆ తగువులు తీర్చడానికి బుల్లిరాజుగారు కుదిరారు. ఆయన పాతికేళ్ళపాటు కోడిపందేల బరుల్లో మధ్యస్తం చేసిన మనిషి. చదువు ఊరి బళ్ళో ఐదో తరగతి. ఇంగ్లీషు రాదు. అయితేనేం, పిల్లలు చదివి తెలుగులో చెబితే, ఆయన సోడాపెట్టె మీద కూర్చుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తీర్పు చెప్పేవారు. గుడ్లగూబకి రాత్రిపూట బలం రెట్టింపని ఉంటే, ఒకడు మిట్టమధ్యాహ్నం గోనెసంచి కప్పుకుని ఆడాడు. సంచిలో ఉన్నవాడికి రాత్రి, బయట ఉన్నవాడికి పగలు, కాబట్టి రెట్టింపులో సగం వేసుకోమన్నారు రాజుగారు. వాడు సంబరంగా ఇంటికెళ్ళి, లెక్క చూసుకుని ఏడ్చాడు.

తీర్పుకీ తీర్పుకీ మధ్య కోతలు. ఎనభై ఆరులో గోదావరి వరదకి ఆయన పశువుల పాక గేదెతో సహా తేలిపోయి యానాం చేరిందట. దారిలో రెండు పూటలా గేదె పాలిచ్చిందట. పాలు తోడుకున్నాయట కూడా. ఆ వరసలోనే కాకి పుంజు కథ ఒకటి చెప్పేవారు. ఒక తీర్థంలో డేగ పుంజుకీ కాకి పుంజుకీ పందెం. ఎర్రటి డేగ ఒక్కటే దెబ్బ కొట్టింది, నల్లటి కాకి కూలబడింది. డేగ తరపువాళ్ళు ఈలలు వేస్తూ బరిలోకి దూకారు. ఇంతలో పడున్న కాకి కాలు ఒక్కసారి తన్నుకుంది. ఆ కాలికి కట్టిన కత్తి తగిలి డేగ మెడ తెగింది. అప్పుడు రాజుగారు చెయ్యెత్తి, కాలు ఆడినంతసేపూ పుంజు బరిలో ఉన్నట్టే, పందెం సమానం, ఎవరి పుంజుని వాళ్ళు పట్టుకుపొండి అన్నారు. ఇక్కడిదాకా చెప్పి ఆయన ఆగేవారు కాదు. తెగిన డేగ తలకాయ గాల్లోకి లేచి, ఇదన్యాయం అని కూసిందనేవారు. పిల్లలు పడీ పడీ నవ్వేవారు.

ఆ నవ్వేవాళ్ళలో మనవడు కిరణ్ కూడా ఉండడం రాజుగారికి పెద్ద సంగతి. కిరణ్ రాజమండ్రిలో కాన్వెంటులో ఎనిమిది చదువుతున్నాడు. కిందటేడు సెలవులకొచ్చినప్పుడు తాత నలుగురిలో నోరు తెరిస్తే చాలు, లేచి చెప్పులు వెతుక్కునేవాడు. మా తాత ఇంతేరా, ఏమీ అనుకోకండి అని ఎవరితోనో అంటుంటే రాజుగారు గోడవతల నుంచి విన్నారు. అలాంటివాడు ఈ ఏడు సోడాపెట్టె పక్కన తాత మోకాలికి చేరబడి కూర్చుంటున్నాడు. మా తాతే జడ్జి అని పొరుగూరి పిల్లలకి చెబుతున్నాడు. ఆ మోకాలి మీద బరువు రాజుగారికి ఎంత బావుందో చెప్పలేం.

ఒక ఆదివారం చర్చి వదిలిపెట్టాక రెబెక్కా కొట్టు దగ్గరికొచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. మిషను బళ్ళో చదువు. కాలవ అవతల పేటలో ఉండే యెహెజ్కేలు మనవరాలు. యెహెజ్కేలు రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు ఎత్తి దించి, నడుం వంగాక ఇప్పుడు అరటాకులు కట్టలు కట్టి సైకిలు మీద వేసుకెళ్తున్నాడు. కిందటి వారం ఆయన మార్కెట్లో మనవరాలి కోసం కొన్న గమ్ములో నల్లగద్ద వచ్చింది. ఊరు మొత్తానికి అలాంటిది అదొక్కటే. కిరణ్ వారం నుంచి దానిమీదే కన్నేసి ఉన్నాడు. తాతా, ఆ గద్ద దొరికితే రాజమండ్రిలో మా క్లాసంతా నా వెనకే తిరుగుతారు అని పొద్దున్న ఇడ్లీ తింటూ కూడా అన్నాడు.

కిరణ్ బంగారు డేగ వేశాడు. రెబెక్కా నల్లగద్ద వేసింది. డేగ బలం ఎక్కువ. గద్ద చచ్చింది. కిరణ్ చెయ్యి జాపాడు.

రెబెక్కా కార్డు మీద అరచెయ్యి పెట్టి, కాస్త ఆగమంది. గద్ద మహిమ చదివింది. చనిపోతూ తనను చంపిన పక్షిని కూడా చంపుతుందని ఉంది. రెండూ చస్తే ఎవరి కార్డు వాళ్ళదే. కిరణ్ ఊరుకుంటాడా, తన డేగ మహిమ చదివాడు. ఓడిన పక్షి మహిమ పనిచెయ్యదని ఉంది. నీ గద్ద ఓడింది, కాబట్టి దాని మహిమ చెల్లదు అన్నాడు. పిల్లలు రెండు జట్లయిపోయారు. పావని అనే పిల్ల ఒక జట్టులోంచి ఇంకో జట్టులోకి మూడుసార్లు మారింది. అందరూ చివరికి సోడాపెట్టె వైపు తిరిగారు.

"ఓడడమంటే చచ్చాక కదండి తాతగారండి," అంది రెబెక్కా. "దీని మహిమ చచ్చేటప్పుడే పనిచేస్తుందండి. ఆ రెండింటికీ మధ్యన ఒక్క రెప్పపాటు ఉంటదండి. ఆ రెప్పపాటు నాదండి."

రాజుగారు ఆ మాట విని లోపల ఉలిక్కిపడ్డారు. ఆ రెప్పపాటు ఆయన చూసిందే. ఇసకలో నల్లటి కాలు ఒకటి తన్నుకోవడం కళ్ళముందు కదిలింది. పిల్ల చెప్పింది రైటని ఆయనకి తెలుసు. తెలిసీ మోకాలి మీద కిరణ్ బరువు తగులుతోంది. వాడు తలెత్తి తాత మొహంలోకి చూస్తున్నాడు.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చచ్చిన పుంజు లేచి పొడవదన్నారు. డేగదే గెలుపన్నారు. పైగా ఊరుకోక, చచ్చాక కూడా పోట్లాడేది మీ పేటలో కుళాయి దగ్గర ఆడవాళ్ళేనే పిల్లా అన్నారు. అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుతో తీర్పు ఖాయమైపోయింది.

రెబెక్కా నవ్వలేదు. కార్డు మీద చెయ్యి తియ్యలేదు.

"మరి కాకి పుంజు సంగతేంటండి? కాలు ఆడినంతసేపూ బరిలో ఉన్నట్టేనని మీరే కదండి అంది. ఆ కాకి మా తాతదే అంటండి. మా తాత చెప్పాడండి."

కొట్టు దగ్గర నవ్వు ఆగింది. అందరూ రాజుగారి మొహంలోకి చూశారు. అవునమ్మా అంటే గద్ద పోతుంది, మోకాలి మీద బరువు పోతుంది. ఆయన నోరు ఎప్పుడూ మనసుకంటే ముందు పరిగెడుతుంది. ఆ రోజూ పరిగెట్టింది.

"అది కోతే పిల్లా. నేను చెప్పిందీ కోతే, మీ తాత చెప్పిందీ కోతే. ఆ యెహెజ్కేలు నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు."

ఈసారి నవ్వు కాలవ అవతలికి కూడా వినిపించి ఉంటుంది. రెబెక్కా కార్డు మీంచి చెయ్యి తీసేసింది. "మా తాత అబద్ధం ఆడడండి," అని మాత్రం అంది. అనేసి వంతెన వైపు నడిచింది. పరిగెట్టినా బాగుండేది. నడిచింది.

పిల్లలు చెదిరాక వీరాస్వామి సోడా కొట్టి చేతికిచ్చాడు. అతను ఈ ఊరొచ్చి పదేళ్ళు. రాజుగారి కోతలకి సోడా ఇచ్చి సోడా ఇచ్చి అలిసినవాడు. చెయ్యి తుడుచుకుంటూ, మీ కథల్లో అదొక్కటీ నిజమనుకున్నానండి అన్నాడు. దెప్పుదామని కాదు, మామూలుగానే. రాజుగారు సోడా పెట్టె మీద పెట్టేసి లేచారు.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్య సంపూర్ణమ్మగారు అరుగు మీద ఆవకాయ ముక్కలు గుడ్డతో తుడుస్తున్నారు. కిరణ్ అప్పటికే వచ్చి జరిగిందంతా నాయనమ్మకి వినిపించేశాడు. కార్డు గోడకి ఆనించి, దూరం నుంచి ఒకసారి, దగ్గర్నుంచి ఒకసారి చూసుకుంటున్నాడు. సంపూర్ణమ్మగారు అన్నానికి లెమ్మనలేదు. ఇంకో నాలుగు ముక్కలు తుడిచాక, తలెత్తకుండానే మాట్లాడారు.

"ఆ డేగ పుంజు మా అన్నయ్యది. మీ తీర్పుకి కోపమొచ్చి మా భీమరాజన్నయ్య రెండేళ్ళు మన గడప తొక్కలేదు. నా రెండో పురుటికి పుట్టింటి నుంచి ఒక్కరూ రాలేదు. నేనేమన్నా అన్నానా?"

రాజుగారు భుజాన తువ్వాలు తీసి అరుగు మీద పెట్టారు.

"కూలివాడి పక్షాన సొంత బావమరిదిని కాదన్నారని ఊరంతా చెప్పుకుంటే, నా మొగుడు నిజం చెప్పాడని ఏడుస్తూనే ఓర్చుకున్నాను. అదీ కోతేనంటే, నేను ఓర్చుకున్నది దేనికంట?"

ఆవిడ మళ్ళీ ముక్కలు తుడుచుకున్నారు. రాజుగారు అరుగు చివర కూర్చుని ముంజేతి మచ్చ చూసుకున్నారు. జై ఆంధ్ర గొడవలకి ముందు ఏడు, సుబ్బారాయుడి షష్ఠి తీర్థంలో పడిన మచ్చ అది. కాకి బతికుందో లేదో చూద్దామని ఆయన వంగినప్పుడే ఆ కాలు తన్నుకుంది. కత్తి ముందు ఆయన చేతిని కోసి, తరవాతే డేగ మెడ మీదకి వెళ్ళింది. అందుకే ఆయనకి అంత కచ్చితంగా తెలుసు. ఆ రోజు చొక్కా అంతా నెత్తురై ఉండగానే, బావమరిది గుడ్లురుముతుండగానే, గొంతు వణక్కుండా తీర్పు చెప్పారు. ఆయన బతుకులో నలుగురి ముందు తలెత్తుకుని చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే. దాన్ని తీసుకొచ్చి గేదె పాల కథ పక్కన కట్టేశారు. దానికి కూత తగిలించారు. ఇవాళ ఒక గమ్ము కార్డు కోసం అసలు జరగనేలేదనేశారు. తను అబద్ధాలకోరని ఊరికి తెలుసు, అది కొత్త కాదు. కానీ ఎన్నడూ అబద్ధమాడని మనిషిని కూడా తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన కిరణ్‌ని కార్డు ఇమ్మని అడిగారు. వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. నువ్వే ఇచ్చి నువ్వే తీసుకుంటావా, నువ్వేం జడ్జివి తాతా అని కార్డు నేలకేసి కొట్టాడు. రాజుగారికి మోకాళ్ళ నొప్పులు. ఒక చేత్తో గోడ పట్టుకుని వంగి, రెండుసార్లు చెయ్యి జారి, మూడోసారికి దాన్ని తీశారు. కిరణ్ చూస్తూ నిలబడ్డాడే కాని సాయం పట్టలేదు.

వంతెన దాటి పేటలోకి వెళ్ళేసరికి యెహెజ్కేలు పాక ముందు అరటాకులు కట్టలు కడుతున్నాడు. రాజుగారిని చూసి గబగబా లేచి, నులకమంచం నీడలోకి లాగి, దులిపి వేశాడు. మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాడు. రాజుగారు మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక కూర్చున్నారు. తిడతాడనుకుని వచ్చారు. తిట్లకైతే సిద్ధపడి వచ్చారు.

యెహెజ్కేలుకి ఏమీ తెలియదు. పిల్ల ఇంట్లో చెప్పలేదు. కార్డు కాలవలో పడిపోయిందని చెప్పిందట. నిన్నటి నుంచి అన్నం సరిగ్గా తినట్లేదని, అట్టముక్క కోసం ఇంత దిగులేంటండి అని ఆయనే రాజుగారికి చెప్పుకున్నాడు. మీరు వచ్చారు, సంతోషం, దానికి మీరంటే గురండి, ఆ రోజు మీరు చెప్పిన న్యాయం సంగతి నేను దానికి చాలాసార్లు చెప్పానండి అన్నాడు.

రెబెక్కా మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది.

రాజుగారి జేబులో కార్డుంది. నోట్లో కథ కూడా తయారుగా ఉంది. దాన్ని ఆయన పిలవలేదు, దానంతటదే వచ్చింది. పొద్దున్న కాలవలో ఓ చేప దొరికిందనీ, కోస్తే కడుపులో ఈ గద్ద ఉందనీ, ఇంకా రెక్కలు కొట్టుకుంటోందనీ. యెహెజ్కేలు నవ్వేస్తాడు. కార్డు పిల్లకి చేరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. పిల్ల కూడా నోరు మెదపదు, తాత కోసం నిన్ననే ఒక అబద్ధమాడింది. ఆ ఇంట్లో మొదటి అబద్ధం అదేనేమో. అది తన వల్లే.

"కాలవలో..." అని మొదలుపెట్టి, రాజుగారు ఆగిపోయారు. గ్లాసు పట్టుకుని నిలబడ్డ పిల్ల కళ్ళు దించుకుంది. ఆయన కోసం సిగ్గుపడుతున్నట్టు దించుకుంది. అది చూశాక ఇక ఆ కథ ముందుకి సాగలేదు.

కార్డు తీసి మంచం మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పారు. ఎక్కడా ఏదీ కలపకుండా ఆయన ఒక సంగతి చెప్పడం ఎన్నాళ్ళకో. అందుకే మాటలు తడబడ్డాయి. కుళాయి దగ్గర ఆడవాళ్ళని అన్నమాట కూడా చెప్పారు. నాలుగాకుల మాట మాత్రం ఆఖర్న, తల వంచుకుని చెప్పారు.

యెహెజ్కేలు చేతిలో అరటినార ఆగింది.

"ఆ పందెం నాటికి నా వయసు ముప్పై రెండండి," అన్నాడు. "పెద్దోళ్ళ బరిలో నాకు న్యాయం జరిగింది అదొక్కసారే. అందుకని పిల్లకి చెప్పుకున్నానండి. అదీ లేదన్నారా?"

రాజుగారు తల వంచుకునే, అన్నాననే చెప్పారు.

నాకు చెప్పక్కర్లేదండి, అక్కడ చెప్పండి, రేపైనా పిల్ల అక్కడికి ఆడుకోడానికి వెళ్ళాలి కదండి అన్నాడు యెహెజ్కేలు. అని మళ్ళీ కట్ట కట్టడం మొదలుపెట్టాడు. మజ్జిగ తాగమని ఈసారి అనలేదు.

పది గంటలకి కొట్టు దగ్గర పిల్లలు చేరారు. రాజుగారు సోడాపెట్టె మీద కూర్చోలేదు. నిలబడే చెప్పారు. నిన్నటి తీర్పు తప్పన్నారు, కావాలని తప్పు చెప్పానన్నారు. కాకి పుంజు పందెం నిజంగా జరిగిందన్నారు. పిల్లలు అప్పుడే మూతులకి చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. ఆ కత్తికే ఈ మచ్చ పడిందని చెయ్యి చాపారు. మొసలి కదండీ అన్నాడొకడు. కాదు చిరుతపులి, కాదు పిడుగు అని మిగతావాళ్ళు. నవ్వు మొదలైంది. ఒట్టన్నారు. నవ్వు పెరిగింది. భీమేశ్వరస్వామి మీద ఒట్టన్నారు. పావని కడుపు పట్టుకుని కింద కూర్చుంది.

"తరవాతేమైందండి తాతగారూ?" అని అడిగింది ఊపిరి తీసుకుంటూ. కూత ఎక్కడొస్తుందా అని అందరూ ఎదురుచూస్తున్నారు.

"ఏమీ అవలేదమ్మా. అంతే," అన్నారు రాజుగారు. దానికి ఇంకా నవ్వారు. కిరణ్ ఒక్కడూ నవ్వలేదు. తల దించుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అరటాకుల కట్టలతో సైకిలు నడిపించుకుంటూ యెహెజ్కేలు వంతెన దిగాడు. వెనక రెబెక్కా. కొట్టు ముందు సైకిలు ఆపి, బరువు ఒక పక్కకి ఒరగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"జరిగిందిరా పిల్లలూ. ఆ కాకి నాదే."

గొంతు పెంచలేదు. ఒట్టు పెట్టలేదు. నవ్వు ఆగిపోయింది. పావని లేచి గౌను దులుపుకుంది. ఒక్కొక్కళ్ళే వచ్చి రాజుగారి మచ్చ వైపు కొత్తగా చూశారు. రాజుగారికి ఆ మౌనం నవ్వుకంటే కష్టంగా ఉంది. తను అన్ని ఒట్లు పెట్టినా నిలబడని నిజం, నిన్న తను అబద్ధాలకోరన్న మనిషి ఒక్క మాటంటే నిలబడింది.

యెహెజ్కేలు ఆయన వైపు చూడకుండానే, వస్తానండి అని సైకిలు నడిపించుకుపోయాడు.

రెబెక్కా గద్దని కింద పరిచిన గుడ్డ మీద పెట్టి, కిరణ్ వైపు తిరిగింది. ఎవరి పక్షి వాళ్ళది, మళ్ళీ వేద్దామా అంది. కిరణ్ ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో చెప్పు చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తరవాత వచ్చి కూర్చున్నాడు. తాత పక్కన కాదు, ఎదురుగా. మహిమల దగ్గర పేచీ వస్తే ఇద్దరూ కార్డు మీదకి వంగి చదువుకున్నారు. సోడాపెట్టె వైపు ఎవరూ తిరగలేదు. వీరాస్వామి దాన్ని లోపలికి తీసుకెళ్ళి సీసాలు సర్దుకున్నాడు.

రాజుగారు కొట్టు గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. నాలుగేళ్ళ బుడతడొకడు ఆయన చెయ్యి పట్టుకుని మచ్చ వెంబడి వేలు జరిపాడు. ఇది ఎలా పడిందండి అని అడిగాడు. వాడు ఇందాక లేడు. రాజుగారు వాడికీ ఉన్నదున్నట్టు చెప్పారు. వాడు శ్రద్ధగా విన్నాడు.

"మా అన్నయ్యకి చెప్పిన మొసలి కథే బావుందండి," అన్నాడు.

రాజుగారు చెయ్యి పంచె కింద దాచుకోబోయి, ఆగి, మళ్ళీ మోకాలి మీదే పెట్టుకున్నారు.